పలాద్రి అసలు గొంతు

(నేపర్‌విల్, ఇల్లినాయ్. 1983 జూన్, ఒక ఆదివారం మధ్యాహ్నం. యజ్ఞనారాయణ పోయి ఏడు వారాలయింది. ఆయన రికార్డులున్న బేస్‌మెంట్‌లో ఆయన భార్య హైమ, స్నేహితుడు శ్యామ్‌సుందర్.)

"ఒక్క అంకె, వదినా. ఒక్క అంకె చెప్పండి, వెళ్ళిపోతాను."

"కాఫీ చల్లారిపోతోంది శ్యామ్."

"చల్లారనివ్వండి. రేపు పొద్దున తొమ్మిదింటికి చికాగోలో అన్నయ్య ఎల్పీకి మాస్టర్ కట్ చేస్తారు, ఇక మార్చడానికుండదు. ఆ ఇంజనీరు నిన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. 'మీ ఫ్రెండ్ టేపులతో పంపిన నోట్స్‌లో డెబ్భై ఎనిమిది అని ఉంది, ఆ స్పీడ్‌లో పెడితే నాకేదో తేడాగా ఉంది, ఎంతలో తిప్పమంటావు?' అని."

"నోట్స్‌లో ఉన్నదే చెప్పకపోయావా?"

"చెప్పేవాణ్ణే."

"మరి?"

"ఇందులో చక్కెర తక్కువైంది."

"రెండు చెంచాలు వేశాను. మాట మార్చకు."

"అన్నయ్య ఉంటే ఆయన్ని అడిగేవాణ్ణి. లేరు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను."

"నాకేం తెలుసు? నాలుగో క్లాసు పిల్లలకి భిన్నాలు చెప్పుకునేదాన్ని."

"పన్నెండేళ్ళు మీ నాన్నగారి దగ్గర వీణ నేర్చుకున్నారు కదా. ఈ ఇంట్లో శ్రుతి తెలిసిన చెవి మీదొక్కటే. అన్నయ్యే అనేవారు, 'పిచ్చి నాది, చెవి హైమది' అని."

"అలా అనేవారా?"

"ప్రతి మీటింగ్‌లోనూ. పాత రికార్డులు పోగేసేవాళ్ళందరికీ తెలుసు. మిమ్మల్ని చూడనివాళ్ళకి కూడా తెలుసు."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"మీతో ఎందుకంటారు? మొగుళ్ళు మంచిమాటలన్నీ బయటే కదా చెప్పేది. మా ఆవిణ్ణి అడగండి."

"ఆ అట్టపెట్టె నేలమీద పెట్టకు. తడి. తేమ లాగే ఆ డీహ్యుమిడిఫయర్‌లో నీళ్ళు నిండితే పారబోయాలని నాకు గుర్తుండటం లేదు. రోజూ ఆయనే... టేబుల్ మీద పెట్టు. ఏముంది అందులో?"

"ఏం లేదు. తర్వాత చెప్తాను."

"న్యూజెర్సీ నుంచి వచ్చినట్టుంది."

"వదినా, ముందు ఈ స్పీడ్ సంగతి..."

"శ్యామ్. ఏడో రికార్డా?"

"ఆ చీటీ చూడకండి వదినా."

"ఆయన వెతికిన ఆ ఇటలీ గాయకుడు, పలాద్రి ఏడో రికార్డేనా?"

"అవును."

"ఎప్పుడొచ్చింది?"

"అన్నయ్య హాస్పిటల్‌లో ఉన్నారని మా ఇంటి అడ్రస్ ఇచ్చాం కదా, మా ఇంటికి..."

"ఎక్కడికొచ్చిందని అడగలేదు."

"పదకొండో రోజున. మంత్రాలు చెప్పే ఆ ప్రొఫెసర్‌గారిని మిల్వాకీలో దింపి ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో ఉంది. ఆ రోజు మీకెలా చెప్పను? తర్వాతైనా ఎలా చెప్పను? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ కార్ డిక్కీలో పెట్టుకు తిరుగుతున్నాను."

"డిక్కీలోనా! ఈ ఎండల్లో రికార్డు వంగిపోదూ?"

"అచ్చం అన్నయ్యలా తిట్టారు."

"పన్నెండేళ్ళు వెతికారు. పదకొండు రోజులు ఆలస్యం. తియ్యి చూద్దాం. అలా కాదు, అంచు పట్టుకో. వేలు గాడి మీద పడకూడదు."

"తెలుసు వదినా, నేనూ ఈ పిచ్చివాళ్ళలో ఒకణ్ణే."

"ఆయన పోయాక ఈ గదిలో ఇదే మొదటిసారి ఏదైనా పెట్టడం."

"ముందు ఒక పని చేస్తాను. ఎల్పీ వెనక అట్టకోసం అన్నయ్య రాసింది చదువుతాను, వినండి. ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెప్తాను. 'ఓరెస్తే పలాద్రి. పై స్థాయిలో పాడే టెనర్ గాయకుడు. 1906లో మిలాన్‌లో, మూడు రోజుల్లో ఏడు రికార్డులిచ్చాడు. ఆ తర్వాత మూడేళ్ళకి ఏ ఒపేరా హౌస్ ప్రకటనలోనూ ఆయన పేరు లేదు. పెద్ద గాయకుల నీడలో పడి మాసిపోయిన వందలమందిలో ఒకడు. 1912లో అమెరికా వచ్చి, ప్యాటర్సన్‌లో పట్టుకి రంగులద్దే మిల్లులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి పోయాడు. మిల్లులో అతను పాడగా విన్నవాళ్ళు లేరు.'"

"ఆ ముక్క రాయడానికి నాలుగేళ్ళు పట్టింది ఆయనకి. మిల్లు యూనియన్‌కి ఎన్ని ఉత్తరాలు రాశారో."

"ఇంకా ఉంది. 'రెండో రికార్డు చివర పలాద్రి అందుకున్న పై షడ్జమం ఆ కాలపు ఏ గొంతుకీ తీసిపోదు. ఈ రికార్డులు నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరగాలి. అందులో సందేహం లేదు.' ఇదీ. సందేహం లేదు అన్నారు, కింద గీత కూడా గీశారు."

"గీతలు గీయడం ఆయన అలవాటు. కరెంట్ బిల్లు మీద కూడా గీసేవారు."

"ఇప్పుడిది వినండి. ఏడోది. మనకి దొరికిన వరుసలో ఏడోది కాని, రెండోదాన్ని రికార్డు చేసిన రోజే చేశారు. కంపెనీ వేసిన నంబర్లు పక్కపక్కనే ఉన్నాయి. అదే గది, అదే మెషీన్. డెబ్భై ఎనిమిదిలోనే పెడుతున్నాను. ఈ ముల్లు మీద బరువుకి..."

"ఆ డబ్బాలో రెండు పైసల బిళ్ళ ఉంటుంది, అది పెట్టు. మన అల్యూమినియం బిళ్ళే తేలిక, ఇక్కడి పెన్నీ పెడితే గాడి తినేస్తుంది అనేవారు."

"పెట్టాను. వినండి. పాట కాదు, పాట అయిపోయాక."

"..."

"ఇప్పుడు. విన్నారా? పాట అవగానే పక్కవాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. దానికి పలాద్రి నవ్వి ఏదో రెండు మాటలన్నాడు. మామూలుగా మాట్లాడాడు, పాడలేదు. మళ్ళీ పెట్టనా?"

"అక్కర్లేదు."

"ఏమనిపించింది?"

"నువ్వు చెప్పు."

"పదేళ్ళ పిల్లాడు మాట్లాడినట్టుంది. లేదా టీవీలో కార్టూన్ ఉడుత. వదినా, అది ముప్ఫై ఏళ్ళ మగాడి గొంతు కాదు. ఇది వేగం. డెబ్భై ఎనిమిది ఎక్కువ. ఇది ఎక్కువైతే రెండోదీ ఎక్కువే. రెండోది ఎక్కువైతే అన్నయ్య చెప్పిన పై షడ్జమం లేదు. స్పీడ్ తగ్గిస్తే స్వరం కిందికి దిగుతుంది. డెబ్భై రెండు పెట్టి చూశాను, డెబ్భై పెట్టి చూశాను, అరవై ఎనిమిది పెట్టి చూశాను. ఎక్కడ ఆపాలో నా చెవికి తెలియదు. ఎక్స్‌రేలు చూసేవాణ్ణి, నాకేం తెలుస్తుంది? అందుకని... వదినా?"

"వింటున్నాను."

"మీకు ఆశ్చర్యంగా లేదు. నేనిది ఐదు వారాలుగా మోస్తున్నాను. మీకెలా చెప్పాలా అని నిద్రపట్టడం లేదు. మీరేమో టైమ్ ఎంతయింది అని అడిగినట్టు కూచున్నారు. మీకు ముందే తెలుసా?"

"కాఫీ వేడిచేసి తెస్తానుండు."

"కూచోండి. ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"ఈ ఏడోది మీరు ఇవాళే కదా విన్నది!"

"ఏడోది ఎందుకు? రెండోది వింటే చాలు. గొంతు వణికే తీరు చూస్తే తెలిసిపోతుంది. మనిషి గొంతు అంత తొందరగా వణకదు. మేకపిల్ల అరిచినట్టుంటుంది. ఆ మాటల చివర అచ్చులు విను, 'ఆ' అని నోరు తెరిచినవాడు 'ఏ'లోకి జారుతుంటాడు. ఊపిరి తీసుకోవడానికి వ్యవధే లేదు. పాడేవాడు అంత కంగారుగా ఊపిరి తీసుకోడు."

"మరి అన్నయ్యకి చెప్పలేదా?"

"ఆయన అడిగారు."

"అడిగారా? అడిగితే?"

"కరెక్టే అన్నాను. నువ్వప్పటికి ఇండియా నుంచి రాలేదు. డెబ్భై ఒకటి, మార్చి. చికాగోలో రెండు గదుల అపార్ట్‌మెంట్. అంతకుముందు నవంబర్‌లో ల్యాబ్‌లో అరవైమందిని తీసేశారు, అందులో ఈయనొకరు. పీహెచ్‌డీ చేసిన మనిషి. మొదట్లో రోజూ టై కట్టుకుని అప్లికేషన్లు పోస్ట్ చేసి వచ్చేవారు. జనవరికి టై మానేశారు. ఫిబ్రవరికి బయటికి వెళ్ళడం మానేశారు. నేను స్కూల్ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనికి వెళ్ళి వచ్చేసరికి పొద్దున కూచున్న కుర్చీలోనే ఉండేవారు. మాసిన గడ్డం. ఏమండీ అంటే ఊఁ అనేవారు."

"నాకెప్పుడూ చెప్పలేదు ఈ సంగతి."

"ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ అమ్మగారికి ప్రతి నెలా ఉత్తరం రాసేవారు, పనెక్కువగా ఉందని."

"తర్వాత?"

"చర్చి సేల్‌లో ఎప్పుడో కొన్న పెట్టెలో పలాద్రివి రెండు రికార్డులుండేవి. అవి పెట్టుకుని వినేవారు. నాకదే నయమనిపించేది, ఆ కుర్చీ వదిలి లేస్తున్నారు కదా అని. ఒకరోజు స్కూల్ నుంచి వచ్చి తలుపు తీశాను. గడ్డం గీసుకుని ఉన్నారు శ్యామ్. తెల్ల చొక్కా వేసుకున్నారు. చేతిలో కాగితాలు. లైబ్రరీకి వెళ్ళి ఆ ఒపేరా స్వరాల పుస్తకం తెచ్చారట. 'హైమా, చూడు, ఇతను ఎంత పైకి వెళ్ళాడో చూడు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అందుకున్నాడు, ఇతన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేను కనిపెట్టాను' అన్నారు. రికార్డుల పత్రికకి ఉత్తరం రాశారు. నాలుగు పేజీలు."

"ఆ ఉత్తరం నాకు బట్టీ వచ్చు. ఆయన పేరు అచ్చయిన మొదటి..."

"పోస్ట్ చేసేముందు నన్ను కూచోబెట్టి రికార్డు పెట్టారు. 'నీకు శ్రుతి తెలుసు. డెబ్భై ఎనిమిదేనా? నువ్వు కాదంటే చించేస్తాను' అన్నారు."

"మీరు కాదంటే చించేస్తానన్నారా?"

"ఆ మాటే అన్నారు. నేను ఇండియాలో, ఇక్కడ కలిపి ఇరవై ఏళ్ళు పిల్లల లెక్కలు దిద్దాను. తప్పు లెక్కకి రైటు కొట్టడం ఎరగను. ఏడ్చినా కొట్టను. వాళ్ళ అమ్మలొచ్చి అడిగినా కొట్టను. ఒక్కదానికి కొట్టాను. పెన్సిల్‌తో కొట్టాను, తర్వాత చెరిపేయొచ్చులే అనుకున్నాను. ఉద్యోగం రానీ, చెబుదాం అనుకున్నాను. వచ్చింది. ఇల్లు కొన్నాక చెబుదాం అనుకున్నాను. ఈలోగా ఉత్తరానికి జవాబులొచ్చాయి. జవాబులకి జవాబులు. వ్యాసాలు. మీటింగులు. ఆ క్లీవ్‌లాండ్ ఆయన..."

"హోల్మ్."

"ఆయన రాశాడు కదా, వేగం తప్పు, పలాద్రి పాటని కిందికి దించుకుని పాడాడు అని."

"పన్నెండేళ్ళు కొట్టుకున్నారు వదినా ఇద్దరూ. ప్రతి సంచికలోనూ. అన్నయ్య ఆయన్ని 'క్లీవ్‌లాండ్ చెవిటి మేళం' అనేవారు. మేమందరం పడిపడి నవ్వేవాళ్ళం."

"ఈ ఇంట్లో కూడా అనేవారు. భోజనం దగ్గర. నేను కూర వడ్డించేదాన్ని."

"హోల్మే కరెక్టన్నమాట."

"మొదటి ఉత్తరం నుంచీ."

"అయ్యో."

"అవును."

"వదినా, రేపు ఈ ఎల్పీ వస్తే దానికి రివ్యూ రాసేది ఎవరనుకున్నారు?"

"తెలుసు."

"ఉతికి ఆరేస్తాడు. అన్నయ్య లేరని కూడా చూడడు. చూసినా... ఇంకా ఘోరం, జాలిపడతాడు."

"లే, నన్ను కూచోనీ అక్కడ. రెండోది తియ్యి. ఆ ఎర్ర లేబుల్."

"ఏం చేస్తున్నారు?"

"నీకు అంకె కావాలన్నావుగా."

"లైట్ వేయనా? ఆ నాబ్ మీద గీతలు సరిగ్గా కనపడవు."

"అక్కర్లేదు. చేతికి తెలుసు."

"చేతికెలా తెలుసు?"

"ముల్లు కొంచెం ఎత్తి పట్టుకో."

"వదినా, చేతికెలా తెలుసు?"

"స్కూల్ మూడింటికి అయిపోతుంది. మూడున్నరకల్లా ఇంట్లో ఉంటాను. ఆయన ఆరింటికి వచ్చేవారు. అర్థమైందా?"

"రోజూనా?"

"రోజూ కాదు. నోట్‌బుక్స్ దిద్దే పని లేనప్పుడు. ఎనిమిదేళ్ళు. పలాద్రిని సరైన వేగంలో పెట్టుకుని, ఇదిగో ఈ మెట్టు మీద కూచుని వినేదాన్ని. ఆరింటికి ముందే నాబ్ డెబ్భై ఎనిమిదికి తిప్పేసి పైకెళ్ళి అన్నం పడేసేదాన్ని. ఒకసారి కొంచెం తక్కువలో వదిలేశాను. 'ఎవరు ముట్టుకున్నారిది?' అన్నారు. 'దుమ్ము దులిపాను' అన్నాను."

"నమ్మారా?"

"దుమ్ము దులపొద్దన్నారు. మాట్లాడకు ఇక, విను."

"..."

"విను. అదిగో, ఊపిరి తీసుకుంటున్నాడు."

"వినపడుతోంది. నిజంగానే ఊపిరి వినపడుతోంది."

"తొందర లేదు చూడు. ఆ మాట దగ్గర ఆగి, ఆలోచించుకుని ముందుకెళ్తాడు. వయసు కూడా ముప్ఫై కంటే ఎక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు వస్తుంది పైకి. ఇప్పుడు."

"..."

"పూర్తిగా ఒక స్వరం కింద ఆగిపోయాడు. పాటనే దించుకున్నాడు. అందనిదాని కోసం ఎగబడలేదు. ఉన్నంతలో నిలబడ్డాడు. దాన్ని ఎంతసేపు పట్టుకున్నాడో చూడు, ఎక్కడా చెదరలేదు."

"వదినా..."

"ఆయన ఏ షడ్జమం కోసం పన్నెండేళ్ళు పోట్లాడారో అది ఈ రికార్డులో లేదు. ఇదుంది. నాకిదే బాగుంటుంది."

"నాకు కళ్ళు... క్లీనెక్స్ ఎక్కడున్నాయి?"

"ఆ అలమరలో. రికార్డులు తుడిచేవి కాదు, పక్కవి."

"ఎంత మీద ఉంది నాబ్?"

"అరవై తొమ్మిదిన్నర."

"అరవై తొమ్మిదిన్నర."

"రాసుకో. మర్చిపోతావు."

"రాసుకోను. వదినా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఈ అంకె ఇక్కడే వదిలేద్దాం. డెబ్భై ఎనిమిదే వెళ్ళనిద్దాం. హోల్మ్ ఏం రాస్తే అది రాయనీ. ఎల్పీ ఎన్ని కాపీలు? మూడు వందలు. అన్నయ్య నమ్మింది అన్నయ్య పేరుతో వస్తుంది. ఆయన పన్నెండేళ్ళ పనికి మిగిలేది ఈ ఒక్క అట్ట. దానిమీద మనమే ఆయన్ని తప్పని నిలబెట్టడం... నావల్ల కాదు."

"నాకూ అదే అనిపించింది. నువ్వు రాకముందు."

"మరింకేం?"

"ఆ పార్సిల్‌లో ఉత్తరం ఉందా?"

"ఉంది. పలాద్రి కూతురిది. డెబ్భై రెండేళ్ళావిడ, చేతిరాత సరిగా లేదు."

"చదువు."

"ఎందుకిప్పుడు?"

"చదువు శ్యామ్."

"'డియర్ డాక్టర్ నారాయణ్. మీరడిగిన రికార్డు పంపుతున్నాను. తిరిగి పంపక్కర్లేదు, నా తర్వాత దీన్ని దాచేవాళ్ళు లేరు. నాన్న ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. మా అన్నయ్య గ్రామఫోన్ కొన్నాక ఒక ఆదివారం ఈ రికార్డు పెట్టాడు. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడు పెట్టినా అంతే. మేము ఆయనకి సిగ్గనుకునేవాళ్ళం. మీ ఎల్పీ వచ్చాక నాకొక కాపీ పంపండి. నాన్న పోయి నలభై మూడేళ్ళయింది, ఆయన గొంతు ఎలా ఉండేదో నాకు ఇంకా గుర్తుంది, కాని రోజురోజుకీ...' తర్వాత సరిగా అర్థం కావడం లేదు."

"సిగ్గు కాదు."

"ఆఁ?"

"ఆయన లేచి వెళ్ళిపోయింది సిగ్గుతో కాదు. కొడుకు పెట్టింది కొత్త గ్రామఫోను, డెబ్భై ఎనిమిదిలో తిరిగేది. తన గొంతు తనది కాకుండా పోయి ఎదురుగా అరుస్తుంటే ఎవరు కూచుంటారు? ఆవిడకి నాన్న గొంతు గుర్తుంది శ్యామ్. మనం ఉడుత గొంతు పంపిద్దామా?"

"పంపించలేం."

"ఊఁ."

"కాని వదినా, అన్నయ్య?"

"అట్ట మీద ఆయన రాసినదాంట్లో పై షడ్జమం దగ్గర్నుంచి చివరి మూడు వాక్యాలు తీసేయించు. మిగతా అంతా ఉంచు. కింద ఇంకో ముక్క చేర్చు. నేను చెప్తాను, నువ్వు మంచి ఇంగ్లీషులో పెట్టు. 'ఈ రికార్డుల వేగం అరవై తొమ్మిదిన్నర అని నిర్ణయించినది హైమ. 1971లో డెబ్భై ఎనిమిది సరైనదని యజ్ఞనారాయణకి చెప్పినది కూడా ఆవిడే. ఆయన అడిగారు. ఆవిడ తప్పు చెప్పింది.' అంతే."

"అంతా మీ మీద వేసుకుంటారా?"

"నాదే కదా."

"హోల్మ్ అది చదివి..."

"చదవనీ. చెవిటి మేళం నేనే అని ఆయనకి ఒక ఉత్తరం కూడా రాస్తాను. అతనికి ఒక క్షమాపణ బాకీ ఉంది ఈ ఇల్లు."

"జనం నమ్మరు వదినా. భర్త తప్పుని భార్య మీద వేసుకుంటోంది అనుకుంటారు."

"అనుకోనీ."

"ఇంకో విధంగా రాయొచ్చు. వినండి, వినండి. 'చివరి రోజుల్లో యజ్ఞనారాయణ స్వయంగా ఈ రికార్డులు మళ్ళీ విని, వేగం తగ్గించారు' అని. ఎవరికి నష్టం? ఆయనే దిద్దుకున్నట్టుంటుంది. గౌరవంగా ఉంటుంది."

"వద్దు."

"చిన్న అబద్ధం."

"నేను చెప్పిందీ చిన్నదే. ఒక్క మాట."

"సరే. సరే. అలా అయితే... ఒక్కటి అడుగుతాను. పన్నెండేళ్ళలో ఒక్కసారైనా, ఏ ఆదివారమో, ఈ నాబ్ తిప్పి, 'ఇలా వినండి' అని అనాలనిపించలేదా? తప్పుగా అడిగానా?"

"అన్నాను."

"ఎప్పుడు?"

"ఏప్రిల్‌లో. ఇక ఇంటికి రారని డాక్టర్లు చెప్పాక. స్కూల్‌కి సెలవు పెట్టి, మధ్యాహ్నం ఇక్కడ కూచుని, రెండోది అరవై తొమ్మిదిన్నరలో క్యాసెట్‌కి ఎక్కించాను. గీతల చప్పుడు రాకుండా ట్రెబుల్ తగ్గించాను. వాక్‌మన్‌లో వేసి తీసుకెళ్ళి ఆయన చెవులకి పెట్టాను. చెప్పేద్దామనే పెట్టాను. వినగానే ఆయనకి తెలిసిపోతుంది, తెలిశాక కోప్పడితే పడతాను, అనుకున్నాను."

"మరి అది రాయొచ్చు కదా వదినా! నిజంగానే విన్నారు కదా! నేను అబద్ధం అనుకున్నది నిజమే కదా! విని ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోవడం కాదు."

"కోప్పడ్డారా?"

"కోపం కాదు."

"మరి?"

"మొత్తం విన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నారు. ఆ చివరి స్వరం దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు, అయ్యేదాకా వదల్లేదు."

"అంటే తెలిసిందన్నమాట."

"ఇయర్‌ఫోన్స్ తీసేసి, 'పాట మన పలాద్రిదే. ఈ పాడుతున్నదెవరు హైమా?' అన్నారు."

"గుర్తుపట్టలేదా?"

"'పలాద్రి ఇతని ముందు ఎందుకూ పనికిరాడే. ఇతన్ని వదిలేసి నేను ఇన్నేళ్ళూ ఎవరి వెంటపడ్డాను? ఇంటికెళ్ళగానే ఇతని సంగతి మొదలుపెట్టాలి' అన్నారు. పేరు రాసి పెట్టమన్నారు."

"మీరేమన్నారు?"

"పేరు తెలియదన్నాను."